అనుమానం కాదు, పరీక్ష కావాలి

మన పేజీకి వచ్చే ఉత్తరాల్లో కొన్నింటికి సంతకం ఉండదు. ‘ఒక సోదరి’ అనో, ‘దయచేసి పేరు వేయకండి’ అనో రాసి ఉంటుంది. ఒకప్పుడు ఇన్‌లాండ్ కవర్లలో వచ్చేవి, ఇప్పుడు ఫోన్లో మెసేజీలుగా వస్తున్నాయి. దారి మారింది గానీ సంగతి మారలేదు. రెండు మూడు నెలలకోసారి అదే దురద, అదే మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. మందు వాడితే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఇదంతా చెప్పుకున్నాక చివర్లో మొహమాటపడుతూ ఒక ప్రశ్న... ‘పెళ్లయ్యాకే ఇది మొదలైంది. మావారి వల్ల వస్తోందంటారా?’

ఈ ప్రశ్నను డాక్టరు గారి శీర్షికకు పంపేసి ఊరుకోవచ్చు. వారు నాలుగు వాక్యాల్లో జవాబిస్తారు కూడా. కానీ ఆ ఉత్తరాల్లో సగం వైద్యం, సగం సంసారం. ‘మావారి వల్లనా’ అన్న మాట వెనక ‘ఆయన ఎక్కడికైనా వెళ్తున్నారా’ అన్న భయం ఉంటుంది. ఇంకో ఇంట్లో అదే ప్రశ్న తిరగబడి ‘నీకెక్కణ్నుంచి వచ్చింది’ అని మొగుడి నోట వస్తుంది. అందుకని ఈ వారం ఈ పక్క కాలమ్‌లో నేనే రాస్తున్నాను. కాఫీ తాగుతూ చదివే సంగతేనా ఇది అని ఎవరైనా అంటే, కాఫీ పక్కన పెట్టి చదవమని నా మనవి.

ముందు అసలు ఈ ఈస్ట్ ఏమిటో చూద్దాం. ఇది కాండిడా అనే శిలీంధ్రం. చాలాసార్లు కాండిడా ఆల్బికాన్స్ అనే రకం. ఎక్కడో బయటినుంచి వచ్చి పడే పురుగు కాదు. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద, యోనిలో చాలామందికి మామూలుగానే ఉంటుంది. ఏ బాధా లేని ఆరోగ్యవంతులైన ఆడవాళ్లను పరీక్షించినా నూటికి 10 నుంచి 20 మందిలో కనబడుతుంది. వాళ్లకు మందే అక్కర్లేదు. అక్కడి వాతావరణం మారి అది విపరీతంగా పెరిగినప్పుడో, దాని ఉనికికి మన ఒళ్లు రేగి మండిపడినప్పుడో దురద మొదలవుతుంది. ఆడవాళ్లలో నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని అంచనా. అంటే ఈ పేజీ మీ ఇంట్లో నలుగురాడవాళ్లు చదువుతుంటే ముగ్గురికి ఈ సంగతి తెలుసన్నమాట. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.

ఎప్పుడో ఒకసారి రావడం వేరు. ఏడాదిలో మూడుసార్లో, అంతకంటే ఎక్కువో వస్తే దాన్ని ‘మళ్లీ మళ్లీ వచ్చే’ ఇన్ఫెక్షన్‌గా డాక్టర్లు లెక్కిస్తారు. 2018లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ఏటా సుమారు 13 కోట్ల 80 లక్షల మంది స్త్రీలు ఈ బాధ పడుతున్నారు. చిన్న సంఖ్యేమీ కాదు. ఇంతమందికీ భర్తలు దారి తప్పారనో, వీళ్లకే శుభ్రత తెలియదనో అనుకోగలమా?

పెళ్లికీ దీనికీ ముడి ఎలా పడిందో చెప్తాను. ఈస్ట్రోజన్ హార్మోను వల్ల యోని గోడల్లో గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం నిల్వ అవుతుంది. కాండిడాకు అది ఇష్టమైన తిండి. అందుకే పెద్దమనిషి కాని పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్ అరుదు, ముట్లు ఆగిపోయిన వాళ్లలోనూ తక్కువ. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఎక్కువ. గర్భిణుల్లో మరీ ఎక్కువ. మన అమ్మాయిలకు పెళ్లిళ్లయ్యేదీ, కడుపులు పండేదీ సరిగ్గా ఆ వయసులోనే. రెండూ ఒకేసారి ఇంట్లో అడుగుపెడితే ఒకదాని వల్ల రెండోది వచ్చిందనుకోవడం సహజం.

అయితే కలయికకూ దీనికీ సంబంధమే లేదా అంటే, పూర్తిగా లేదని నేను చెప్పను. దాంపత్య జీవితం మొదలయ్యాక ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయని పరిశీలనలు చెబుతున్నాయి. తడి లేకుండా, తొందరపాటుతో జరిగే కలయికలో సున్నితమైన పొర ఒరుసుకుపోతుంది. అప్పటికే అక్కడున్న కాండిడా అలాంటి చోట కొందరిని త్వరగా బాధపెట్టవచ్చు. అమెరికాలో మిషిగన్ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం ఇంకో ఆసక్తికరమైన మాట చెప్పింది. మగవాడి శరీరంలో కాండిడా ఉండటానికీ, ఆమెకు మళ్లీ ఇన్ఫెక్షన్ రావడానికీ వాళ్లకు సంబంధం కనబడలేదు. నోటితో చేసే శృంగారం, లాలాజలం తగలడం వంటి వాటికి మాత్రం సంబంధం కనబడింది. ఈ వాక్యం చదివి ముఖం తిప్పుకునేవాళ్లు ఉంటారు. కానీ మూసిన తలుపుల వెనక ఉన్న సంగతే కాబట్టి, అక్కడ ఉన్నవాళ్లకు తెలియాలి కదా! ప్రతిసారీ అలాంటి కలయిక తర్వాతే దురద మొదలవుతోందని గమనిస్తే, కొన్నాళ్లు మానేసి చూడటంలో పోయేదేమీ లేదు.

ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కలిస్తే మంట పెరుగుతుంది, ఇందులో సందేహమే లేదు. చికిత్స జరుగుతున్న ఆ కొద్ది రోజులూ ఆగమని చెప్పే హక్కు ఆడదానికి ఉంది. ‘చెప్పినా వినరండీ’ అని రాసే సోదరీమణులకు నేనిచ్చే జవాబు ఒకటే. కాలు బెణికితే ఆ కాలి మీద నడిపించరు. ఇదీ అంతే అని డాక్టరు చేతే ఆయనకు చెప్పించండి. చాలా ఇళ్లలో భార్య నోట వినని మాట డాక్టరు నోట వింటారు. ఇది నాకు నచ్చే సంగతేమీ కాదు, కానీ పని జరుగుతుంది.

ఇంత చెప్పినా, ఈస్ట్ ఇన్ఫెక్షన్‌ను సుఖవ్యాధుల్లో కలిపి చూడకూడదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో ఇచ్చిన చికిత్స సూచనల్లో ఇది స్పష్టంగా ఉంది. ఇది సాధారణంగా కలయిక ద్వారా అంటుకునేది కాదు. భార్యకు వచ్చిందని భర్తకు కూడా మందు ఇవ్వడం వల్ల ఆమెకు మేలు జరుగుతుందనడానికి ఆధారాలు లేవు. కొద్దిమంది మగవాళ్లకు మాత్రం అంగం కొన మీద ఎర్రదనం, దురద, దద్దుర్లు వస్తాయి. అలా వస్తే ఆయనకు పూత మందు ఇస్తారు. ఆయనకు షుగర్ ఉందేమో కూడా చూస్తారు. ఏ బాధా లేని మనిషికి మందు మింగించడం అనవసరం.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది. మన భాషలో ‘తెల్లబట్ట’ అన్నది ఒకే మాట. దాని కింద కనీసం నాలుగు సంగతులు దాగి ఉంటాయి. మొదటిది జబ్బే కాదు. నెల మధ్యలో గుడ్డు విడుదలయ్యే రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, పల్చగా, వాసన లేకుండా, దురద లేకుండా అయ్యే తెలుపు శరీర ధర్మం. ‘ఒంట్లో బలమంతా కారిపోతోంది’ అని దానికే టానిక్కులు తాగేవాళ్లున్నారు. రెండోది ఈ ఈస్ట్. ఇందులో దురద ఎక్కువ. తెలుపు చిక్కగా, విరిగినట్టు ఉంటుంది, పెద్దగా వాసన ఉండదు, ముట్టుకు ముందు వారం బాధ పెరుగుతుంది. మూడోది బాక్టీరియల్ వెజైనోసిస్ అనేది. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో, ముఖ్యంగా కలయిక తర్వాత తెలిసేది. నాలుగోది ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది, పసుపుపచ్చగా నురగతో ఉండవచ్చు.

ఈ నాలుగింటికీ భర్త విషయంలో ఒకే నియమం లేదు. ట్రైకోమోనాస్ కలయిక ద్వారానే అంటుకునే జబ్బు. ఆలుమగలిద్దరూ మందు వాడి తీరాలి, ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. వెజైనోసిస్ విషయంలో డాక్టర్లు చాలాకాలం భర్తకు చికిత్స అక్కర్లేదనేవారు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు 164 జంటల మీద చేసిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని కదిలించింది. భార్యకు మాత్రమే మందిచ్చిన జంటల్లో 12 వారాల్లోపల నూటికి 63 మందికి మళ్లీ వచ్చింది. భర్తకు కూడా మాత్రలు, పూత మందు ఇచ్చినవారిలో అది 35కి తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. అంటే ‘మావారి వల్లనా’ అన్న ప్రశ్నకు జవాబు ఆయన ముఖంలోనో, ఫోన్లోనో దొరకదు. యోని స్రావాన్ని గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తే దొరుకుతుంది. పది నిమిషాల పని. అవసరమైతే కల్చర్ పరీక్షకు పంపుతారు.

ఆ పది నిమిషాల పని జరగక ఇళ్లలో ఏం జరుగుతోందో నాకు వచ్చే ఉత్తరాలు చెబుతున్నాయి. హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి దురదని చెబితే తల్లి మొదట అడిగిన మాట, ‘ఎవరితోనైనా తిరుగుతున్నావా?’ అని. ఆ పిల్లకు ఆ ముందు నెలలో గొంతు నొప్పికి రెండు కోర్సులు యాంటిబయాటిక్ పడింది. యాంటిబయాటిక్స్ తర్వాత ఈస్ట్ రేగడం వైద్యంలో అందరికీ తెలిసిన సంగతి. మగవాడి నీడ పడని అమ్మాయికీ ఇది వస్తుంది. తల్లులారా, ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి చాలు. మీరడిగిన ఆ ఒక్క ప్రశ్న తర్వాత ఆ పిల్ల ఇంకే ఒంటి బాధా మీకు చెప్పదు. రేపు నిజంగా చెప్పవలసింది ఉన్నా చెప్పదు.

ఆసుపత్రుల్లోనూ అంతే. పెళ్లికాని అమ్మాయి వెళ్తే, పదిమంది కూర్చున్న హాల్లో ‘పెళ్లయిందా? మరెందుకొచ్చింది?’ అని గట్టిగా అడిగే సిబ్బంది ఉన్నారు. లైంగిక జీవితం గురించి డాక్టరు అడగడం తప్పు కాదు, అడగాలి కూడా. దానికో గది ఉంది, తలుపు ఉంది, గొంతు తగ్గించి మాట్లాడే పద్ధతి ఉంది.

ఇక పెళ్లయినవాళ్ల కథ. గల్ఫ్‌లో పనిచేసే భర్త రెండేళ్లకోసారి వస్తాడు. వచ్చిన నెలలో భార్యకు దురద. ఆయనకేమో ఆమె మీద అనుమానం, ఆమెకేమో ఆయన మీద. ఇద్దరూ పైకి అనరు. సెలవు నెలంతా అలాగే గడిచిపోతుంది. ఇలాంటి ఉత్తరాలు ఒకటి రెండు కాదు. రెండేళ్ల ఎడబాటు తర్వాతి కలయికలో ఒరుసుకుపోయి, ఎప్పటినుంచో ఒంట్లో ఉన్న కాండిడాయే రేగి ఉండవచ్చు. ఇంకేదైనా అయి ఉండవచ్చు కూడా, అది పరీక్ష తేలుస్తుంది. తేలేదాకా తీర్పు చెప్పకుండా ఉండటం కష్టమని నాకు తెలుసు. కానీ ఈస్ట్ అని తేలితే మాత్రం, ఇద్దరిలో ఎవరి మీదా అది సాక్ష్యం కాదు.

సరే, అసలు పరీక్షకు ఎందరు వెళ్తున్నారు? మన దగ్గర మొదటి డాక్టరు వంటిల్లు. ‘వేడి చేసింది, సబ్జా గింజలు తాగు, బార్లీ నీళ్లు తాగు, మజ్జిగ తాగు.’ తాగండి, ఎండాకాలం ఒంటికి హాయి. ఈస్ట్ మాత్రం వాటికి తగ్గదు. పెరుగు తినడం మంచిదే, లోపల పెట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి. వెల్లుల్లి కూడా అంతే. సున్నితమైన చోట మంట పుట్టించడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

రెండో డాక్టరు మెడికల్ షాపు కుర్రాడు. మనం గొంతు తగ్గించి ‘దురదకి ఏదైనా ఇవ్వు బాబూ’ అంటాం, అతను తల ఎత్తకుండా ఒక ట్యూబు కాగితంలో చుట్టి ఇస్తాడు. ఇద్దరికీ సిగ్గే. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. తమకు ఈస్ట్ ఉందని తామే నిర్ణయించుకుని దుకాణంలో మందు కొన్న 95 మందిని పరీక్షిస్తే, మూడోవంతు మందికే ఈస్ట్ మాత్రమే ఉందని తేలింది. మిగతావాళ్లలో కొందరికి వెజైనోసిస్, కొందరికి ఒకటికి మించి ఇన్ఫెక్షన్లు, కొందరికి అసలు ఏమీ లేదు. చదువుకున్న దేశం, మందు డబ్బా మీద వివరాలన్నీ రాసి ఉన్న దేశం... అక్కడే అలా ఉంటే ఇక్కడ చెప్పేదేముంది?

ఆ ట్యూబుల్లో ఇంకో ప్రమాదముంది. మన దుకాణాల్లో గజ్జికీ తామరకీ ఇచ్చే చాలా క్రీముల్లో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాసిన గంటలో దురద మాయమవుతుంది కాబట్టి దివ్యౌషధం అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మంట స్థిరపడిపోతుంది, ఫంగస్ లోలోపల బలపడుతుంది. మీ ఇంట్లో అలమరలో సగం వాడి నొక్కేసిన ట్యూబు ఉంటే దాని మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథాసోన్ అన్న పేర్లున్నాయేమో ఒకసారి చూడండి. ఉంటే, మర్మావయవాల దగ్గర దాన్ని డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

శుభ్రత పేరుతో చేసుకునే అపకారం కూడా తక్కువేం కాదు. లోపలిదాకా సబ్బు నీళ్లతో, డెట్టాల్ నీళ్లతో కడుక్కునేవాళ్లు ఉన్నారు. ఈ మధ్య పూల బొమ్మలున్న సీసాల్లో సువాసనల ద్రవాలు కూడా వచ్చాయి, మన పేజీల్లాంటి వాటిలోనే ప్రకటనలు వస్తున్నాయి. ఆ భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. పైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. తడి ఆరని లోదుస్తులు ఎవరికైనా అసౌకర్యమే. మన దండేల మీద వాటిని చీర కిందో తువ్వాలు కిందో దాచి ఆరేస్తాం, అవి సాయంత్రానికీ చెమ్మగానే ఉంటాయి. ఎండలో ఆరెయ్యండమ్మా, చూసేవాళ్లు చూస్తారు!

షుగర్ సంగతి వేరే చెప్పాలి. మళ్లీ మళ్లీ ఈస్ట్ వచ్చే ప్రతి స్త్రీకీ ఒకసారి రక్తంలో షుగర్ పరీక్ష చేయించాలి. అదుపులో లేని మధుమేహం కాండిడాకు పండగ. భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల మందికి పైనే. చాలామందికి తమకుందని తెలియదు. కొందరు ఆడవాళ్లకు షుగర్ ఉందని మొదట చెప్పేది ఈ దురదే. ఇంకో కొత్త సంగతి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు ఇప్పుడు విరివిగా రాస్తున్నారు. ఇవి రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులే, కానీ మూత్రంలో చక్కెర పోతుంటే ఆ పరిసరాల్లో ఈస్ట్ పెరుగుతుంది. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకు కూడా. ఆ మాత్ర మొదలుపెట్టాక దురద మొదలైతే మీ షుగర్ డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి చెప్పకుండా ఉండటం, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేయడం, రెండూ చేటే. దీర్ఘకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు కూడా ఇది తరచు వస్తుంది. అందుకే డాక్టరు హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాయవచ్చు. రాస్తే అదేదో నింద అనుకోకండి, గర్భిణులందరికీ చేసే పరీక్షే అది.

అన్నీ చూసినా, మళ్లీ మళ్లీ వచ్చే స్త్రీలలో ఎక్కువమందికి ఏ కారణమూ కనబడదు. షుగర్ ఉండదు, భర్తకు బాధ ఉండదు, శుభ్రతకు లోటుండదు. వాళ్ల శరీర తత్వం అంతే. ‘నేనేం తప్పు చేశాను’ అని అడిగేవాళ్లకు డాక్టర్లు గట్టిగా చెప్పవలసిన మాట ఇది.

వైద్యం ఉందా అంటే ఉంది. మామూలుగా వచ్చినదానికి క్లోట్రిమజోల్ వంటి యోనిలో పెట్టుకునే మాత్రలు కొద్ది రోజులు, లేదా ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సరిపోతుంది. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు ఆ ఒక్క మాత్ర చాలదు. అక్కడే మన వైద్యం తెగిపోతోంది. మొదట రెండు మూడు మోతాదులతో పూర్తిగా తగ్గించి, ఆపైన వారానికోసారి చొప్పున ఆరు నెలలు వాడాలి. 2004లో అమెరికాలో 387 మంది మీద చేసిన అధ్యయనంలో, అలా వాడినవాళ్లలో ఆరు నెలల చివరికి నూటికి 90 మందికి మళ్లీ రాలేదు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 36 మందికే ఆ ఊరట. అయితే మందు ఆపిన ఆరు నెలలకు, వాడినవారిలోనూ 43 మందే బాగున్నారు. శాశ్వతంగా వదిలిస్తామని ఎవరైనా బోర్డు పెడితే నమ్మకండి. వచ్చినా మళ్లీ అదుపు చేయవచ్చు. కొందరిలో ఉండే కాండిడా గ్లాబ్రాటా రకానికి ఈ మాత్ర సరిగా పనిచేయదు, అందుకే కల్చర్ కావాలనేది. గర్భిణులు ఫ్లూకోనజోల్ మాత్ర మింగకూడదు, వాళ్లకు లోపల పెట్టుకునే మందే వారం రోజులు ఇస్తారు. ఇంకో చిన్న మాట. ఈ క్రీముల్లో, పెట్టుకునే మాత్రల్లో నూనె ఉంటుంది కాబట్టి అవి వాడే రోజుల్లో నిరోధ్ బలహీనపడి చిరగవచ్చు. కుటుంబ నియంత్రణకు దాని మీదే ఆధారపడ్డవాళ్లు చూసుకోవాలి.

మన పొరుగునే, ప్రాణహిత, గోదావరి అవతల గడ్చిరోలి ఉంది. అక్కడ డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రచురించింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. ప్రపంచమంతా ఉలిక్కిపడిన లెక్క అది. అలాగని తెల్లబట్ట అని చెప్పుకునే ప్రతి స్త్రీకీ ఇన్ఫెక్షన్ ఉంటుందనుకోవడమూ పొరపాటే. గోవాలో జరిపిన ఒక సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి. తెల్లబట్ట అని చెప్పుకోవడానికి ఇన్ఫెక్షన్ కంటే మనసులోని కుంగుబాటుతో, ఒత్తిడితో ఎక్కువ సంబంధం ఉందని అందులో తేలింది. మనసు బాధ చెప్పుకునే వీలు లేనిచోట ఒంటి బాధ మాటలోనే అది బయటికొస్తుంది. అక్కడ కూడా మందు ట్యూబులో లేదు.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో సుఖవ్యాధులకూ, జననేంద్రియ ఇన్ఫెక్షన్లకూ కలిపి ఒక విభాగం నడుస్తోంది. లక్షణాలను బట్టి రంగుల కిట్లు ఉచితంగా ఇస్తారు. తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో ఈస్ట్ మందూ, ట్రైకోమోనాస్, వెజైనోసిస్‌ల మందూ రెండూ ఉంటాయి. ల్యాబు లేని చోట, మొదటిసారి వచ్చిన బాధకు అది తెలివైన ఏర్పాటే. నాలుగోసారి వచ్చిన స్త్రీకి కూడా అదే కిట్ చేతిలో పెట్టి పంపడం మాత్రం వైద్యం కాదు. ఆమె ఒకే గుమ్మం ఎన్నిసార్లు ఎక్కిందో రాసే రిజిస్టరు ఉండాలి. మూడోసారికి సూక్ష్మదర్శిని పరీక్ష, షుగర్ పరీక్ష తప్పనిసరి చేయాలి. పరీక్షించే బల్లకు అడ్డంగా ఒక తెర, లోపల ఒక ఆడ నర్సు ఉండాలి. కోట్లు ఖర్చయ్యే కోరికలేమీ కావివి. సుఖవ్యాధుల బోర్డు కింద నిలబడాలంటే ఏ ఇల్లాలికైనా కాళ్లు వణుకుతాయి. ఈస్ట్ ఇన్ఫెక్షన్ చూసే ఏర్పాటు స్త్రీల ఓపీలోనే ఉంటే ఆ వణుకు సగం తగ్గుతుంది. మన జిల్లాల వైద్యాధికారులు ఈ మాట పట్టించుకోవాలని కోరుతున్నాను.

అందాకా మీరు చేయగలిగినది కొంత ఉంది. బాధ మొదలైన తేదీ, ముట్టు వచ్చిన తేదీ, ఆ నెలలో వాడిన మందులు, కలయిక తర్వాత మొదలైందా కాదా, ఇవన్నీ క్యాలెండరు మీద మీకు మాత్రమే తెలిసే గుర్తులతో రాసి పెట్టుకోండి. మూడు నెలల గుర్తులు చూస్తే డాక్టరుకు మీ మాటల కంటే ఎక్కువ తెలుస్తుంది. బాధ ఉన్న రోజుల్లోనే వెళ్లండి, తగ్గాక వెళ్తే పలక మీద ఏమీ కనబడదు. వెళ్లే ముందు కొన్ని రోజులు ఆ ప్రాంతంలో ఏ క్రీమూ రాయకండి, లోపల కడగకండి. ‘దురద’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, ఇది ఏడాదిలో ఎన్నోసారో చెప్పండి. చీటీ రాసేముందు ‘స్రావం పరీక్ష చేస్తారా డాక్టరుగారూ?’ అని అడగండి. ఇంట్లో వాడుతున్న ట్యూబు ఏదైనా ఉంటే, సిగ్గుపడకుండా దాన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.